జానెడు జాగకు కౌలెంత?



ఈ మధ్య హాస్టల్ తమ్ముళ్ళు, చెల్లెండ్లు విమానం గురించి అడుగుడు ఎక్కువైంది. ఒకరికి ఢిల్లీలో పీజీ సీటు వచ్చింది, ఒకరికి పూణేలో ఇంటర్వ్యూ ఉంది, ఇద్దరు ముగ్గురు బయటి దేశం చదువుకు తయారైతున్నరు. నేను ఒకసారి ఇండిగోలో బిజినెస్ క్లాస్ సీట్ల కూసొని వచ్చిన అని తెలిసినప్పటి సంది అందరిదీ ఒకటే ప్రశ్న. "అన్నా, ముందల సీటు ఎట్ల ఉంటది? గంత పైస పెట్టుడు అవసరమా?" ఒక్కొక్కరికి ఫోన్ల చెప్పే కన్నా ఇక్కడ రాస్తే అందరికీ పనికొస్తదని రాస్తున్న. జర పొడుగైతది, ఓపికతో చదవండ్రి.

మొదలు చవక విమానం అంటే ఏందో తెలుసుకోవాలె. సూర్య సినిమా 'ఆకాశం నీ హద్దురా' మనలో చానామంది చూసిన్రు. ఆ కథకు మూలం కెప్టెన్ గోపీనాథ్. ఆయన 2003లో ఎయిర్ డెక్కన్ విమానాలు మొదలుపెట్టిండు. రూపాయి టికెట్ అని దేశమంతా మాట్లాడుకునేటట్టు చేసిండు. తర్వాత 2006 ఆగస్టులో ఇండిగో వచ్చింది. దాని మొదటి విమానం ఢిల్లీ నుంచి గువాహటి మీదుగా ఇంఫాల్‌కు పోయింది.

వీళ్ళ లెక్క చెప్తే మన ఆటో డ్రైవర్‌కు కూడా అర్థమైతది. బండి నిలబడితే ఖర్చు, తిరిగితేనే సంపాదన. అందుకే దిగిన విమానం అరగంట అటు ఇటుగా మళ్ళ లేవాలె. ఎక్కువగా ఒకే రకం విమానాలు పెట్టుకుంటే పైలట్లకు, మెకానిక్‌లకు ఒకటే ట్రైనింగ్, స్పేర్ పార్టులు ఒకటే. సీట్లు దగ్గర దగ్గర వేస్తే అదే ఇంధనంతో ఇంకింత మంది పోతరు. ఇగ తిండి, ఎక్కువ సామాన్, కిటికీ సీటు, ఇవన్నీ టికెట్ల కలపరు. ఏది కావాలంటే దానికి వేరే పైసలు. కిరాణా దుకాణంలో పప్పు, ఉప్పు, నూనె విడివిడిగా తూచి ఇచ్చినట్టు.

ఇట్ల నడుపుకుంట వచ్చిన ఇండిగో 18 ఏండ్ల తర్వాత ముందల వేరే సీట్లు వేసింది. 2024 నవంబర్ 14న ఢిల్లీ-ముంబై రూట్ల 'స్ట్రెచ్' అనే పేరుతో బిజినెస్ క్లాస్ మొదలైంది. మొదలు ధర ఒక వైపు 18,018 రూపాయలు. అప్పటికి రెండు దినాల ముందే విస్తారా కంపెనీ ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. జెట్ ఎయిర్‌వేస్ 2019లోనే ఆగిపోయింది. అంటే దేశం లోపల పెద్ద సీట్లు అమ్మే దుకాణాలు తగ్గినయి, కొనే షావుకార్లు మాత్రం అట్లనే ఉన్నరు. చవక కంపెనీ ఖరీదు సీటు ఎందుకు పెట్టిందంటే నాకు తోచిన జవాబు ఇది.

ఆర్టీసీలో పల్లెవెలుగు వేరు, ఎక్స్‌ప్రెస్ వేరు, సూపర్ లగ్జరీ వేరు. బస్సే వేరు. ఇక్కడ అట్ల కాదు. ఒకటే విమానం, ఎయిర్‌బస్ ఏ321. ముందల 12 సీట్లు, వెనక 208. అందరూ ఒకటేసారి లేస్తరు, ఒకటేసారి దిగుతరు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండ్రి.

ఇగ నా సంగతి. 2025 జనవరిలో ఢిల్లీల ఒక సెమినార్‌కు పోయిన. గోండి బడి పుస్తకాల మీద మాట్లాడుడు నా పని. అక్కడ ఉండంగనే ముంబై నుంచి ఒక సంస్థ ఫోన్ చేసింది, మర్నాడు పొద్దుగాల ఇంటర్వ్యూకు రాగలవా అని. టికెట్ వాళ్ళే తీస్తమన్నరు. టికెట్లు చూసే మేడమ్ కాసేపటికి మళ్ళ ఫోన్ చేసి హిందీల చెప్పింది. "ఈ సాయంత్రానికి వెనక సీట్లు 14 వేలు చూపిస్తున్నయి. ముందల సీటు 18 వేల మీద కొంచెం. నాలుగు వేలే తేడా, తిండి కూడా అందులోనే. అదే తీస్తున్న." నేను సరే అన్న.

ఎయిర్‌పోర్టులో విమానం ఎక్కే కాడ రెండు లైన్లుంటయి. పొడుగు లైన్ మనకు అలవాటే. రేషన్ షాపు, ఐటీడీఏ ఆఫీసు, స్కాలర్‌షిప్ వేలిముద్రలు, అన్నీ పొడుగు లైన్లే. ఆ రోజు నాది పొట్టి లైన్. అండ్ల నిలబడంగనే నా తలకాయల ఇంకో పని షురూ అయింది. "ఈ లైన్ నీది కాదు" అని ఎవరన్న అంటే ఏం చెప్పాలె? హిందీల చెప్పాలెనా, ఇంగ్లీషులనా? బోర్డింగ్ పాస్ మీద సీటు నంబర్ పైకి కనపడేటట్టు పట్టుకున్న. ఆ సంస్థ పంపిన మెయిల్ ఫోన్ల తెరిచి పెట్టుకున్న. జవాబులన్నీ లోపట్నే రెండుసార్లు అప్పజెప్పుకున్న.

ఎవరూ ఏమనలేదు. స్కానర్ కీక్ మన్నది. "గుడ్ ఈవినింగ్ సర్" అన్నరు. లోపలికి పోయిన. గంతే.

దీని గురించి తర్వాత చానా దినాలు ఆలోచించిన. ఆ పది నిమిషాలు నేను మోసిన బరువు ఆ రోజు ఎవరూ నా నెత్తిన పెట్టలేదు. కానీ అది ఉత్తగ కూడా రాలేదు. పట్నం కాలేజీల "మీకేందిరా, అన్నీ ఫ్రీ" అన్న మాట. బ్యాంకులో ఫారం నింపుతుంటే "ఎవరితోటి వచ్చినవ్" అన్న మాట. మన ఇంటిపేరు విని "ఇదేం పేరు, ఏ రాష్ట్రం" అన్న మాట. ఇవన్నీ ఏండ్లకేండ్లు పోగైతే అయిన బరువు. వెనక సీటు టికెట్ మీద పెద్ద సంచి 15 కిలోలు, చేతి సంచి 7 కిలోలు అని రాసుంటది గానీ ఈ సామాన్ ఎక్కడా తూచరు. మీలో మొదటిసారి పోయేటోళ్ళు కూడా దీన్ని మోసుకుంటనే పోతరు. ముందల సీటైనా, వెనక సీటైనా. అందుకే ముందే చెప్తున్న. పేరు, తారీఖు, ఐడీ కార్డు సరిగ్గ ఉంటే ఆ గేటు కాడ మనం ఎవరికీ సంజాయిషీ చెప్పేది లేదు.

ఇగ సీటు. వెనక అటు మూడు, ఇటు మూడు సీట్లుంటయి. ముందల అటు రెండు, ఇటు రెండే. నడుమ సీటు బాధ లేదు. సీటుకు సీటుకు మధ్య జాగ 38 అంగుళాలు. వెనక మామూలుగా 28 నుంచి 30 ఉంటది. తేడా దగ్గర దగ్గర 9 అంగుళాలు, అంటే మన లెక్కల జానెడు. మోకాలు ముందు సీటుకు తాకదు, కాళ్ళు సాపుకోవచ్చు. సీటు వెనకకు 5 అంగుళాలు వాలుతది. ఒక డబ్బాల శాకాహారం తిండి ఇస్తరు. ఫోన్‌కు ఛార్జింగ్ పెట్టుకోవచ్చు. ముందు ఎక్కొచ్చు, ముందు దిగొచ్చు. అయితే పండుకునే మంచం కాదు. సినిమాల్ల చూపించే బిజినెస్ క్లాస్ దీన్ల ఉండదు. మంచి కుర్చీ, గంతే.

సీట్ల కూసొని బిస్కెట్ తినుకుంట ఒక లెక్క వేసిన. ముందల ఒక వరుసకు నలుగురు, ఆ వరుస పట్టే నేల 38 అంగుళాల పొడుగు. వెనక ఒక వరుసకు ఆరుగురు, పట్టే నేల 29 అంగుళాలు అనుకుందాం. విమానం వెడల్పు అందరికీ ఒకటే. 38ని 4తో భాగిస్తే తొమ్మిదిన్నర. 29ని 6తో భాగిస్తే ఐదుకు కొంచెం తక్కువ. అంటే ముందల కూసున్నోడు వెనకోని కన్నా దాదాపు రెండింతల నేల పట్టుకుంటడు. గంతే సంగతి. అది నేలకు కౌలు. రెండింతల నేలకు రెండింతల కౌలు అంటే న్యాయమే. ఆ రోజు వెనక 14 వేలు, ముందల 18 వేలు, కాబట్టి అది అగ్గువ బేరం. అదే రూట్ల నెల ముందు చూస్తే వెనక సీటు 5 వేలకు కూడా దొరుకుతది. అప్పుడు ముందలది 18 వేలంటే మూడున్నర ఇంతలు. రెండింతల నేలకు మూడున్నర ఇంతల కౌలు. ఆ మీద పైసలు దేనికి కడుతున్నమో ఎవరికి వాళ్ళే అడుక్కోవాలె.

నా పక్క సీటాయన అరవై ఏండ్ల మనిషి, ముంబైల బట్టల వ్యాపారం. ఎక్కడి నుంచి అని అడిగిండు. ఆదిలాబాద్ అన్న. వెంటనే "అచ్ఛా, కాటన్!" అన్నడు. మన పత్తి ఆయనకు ఎరుకే. "మీది జిన్నింగ్ మిల్లా?" అని అడిగిండు. చూసిన్రా, నా మొఖం చూసి అడిగింది కాదు, నా సీటు చూసి అడిగిండు. "కాదు సేఠ్, మా నాయన పత్తి పండిస్తడు. ఉట్నూరు దిక్కు మూడెకరాలు" అన్న. ఆయన ఫోన్ పక్కన పెట్టి నా దిక్కు తిరిగి కూసున్నడు. ఎకరాకు ఎంత పండుతది, ఎన్నిసార్లు ఏరుతరు, వాన పడితే ఏం చేస్తరు అని ఒక్కొక్కటి అడిగిండు. పింజ పొడుగు గురించి ఆయనకు నా కన్నా ఎక్కువ తెలుసు. కానీ ఏరేటప్పుడు కాయ అంచులు గీసుకపోయి వేళ్ళు చీరుకపోతయని తెల్వదు. దిగేదాక మాట్లాడుకుంటనే ఉన్నం.

ఆయనతోటి మాట్లాడుతుంటే నా మనసుల ఇంకో లెక్క నడిచింది. ఆ సీజన్ల పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. 18,018ని దానితోటి భాగిస్తే 2.4 క్వింటాళ్ళు. మా అమ్మ దినానికి 30 కిలోలు ఏరుతదనుకుంటే ఎనిమిది దినాల ఏరుడు. అదీ ఏరుడు వరకే. విత్తనం, ఎరువు, కలుపు, బండి కిరాయి లెక్కల లేవు. పైగా తేమ 8 శాతం దాటితే ఒక్కో శాతానికి కొంత కోత, 12 దాటితే మద్దతు ధరకు కొననే కొనరు. అంటే మన పత్తిల నీళ్ళను శాతాలతోటి కొలిచి తగ్గిస్తరు. విమానంల జాగను అంగుళాలతోటి కొలిచి పెంచుతరు. కొలుచుడు వ్యాపారంల మామూలే, దాన్ని తప్పు అనను. కానీ మనం కూడా కొలుచుడు నేర్చుకోవాలె. అమ్మే కాడ మన సరుకును వాళ్ళు అంత పట్టి పట్టి కొలిస్తే, కొనే కాడ మనం సిగ్గుపడి లెక్క అడగకుండ ఉంటే ఎట్ల?

నేను చెప్పదల్చుకున్న మాట అదే. మన దగ్గర ఈ సీటు గురించి రెండు రకాల మాటలు నడుస్తయి. ఒకటి, "మనకెందుకురా అవన్నీ, వెనక కూసోవాలె." ఇంకోటి, "మనోడు ముందల కూసున్నడు, మన జాతి ఎదిగింది." రెండూ నాకు నచ్చలే. రెండిట్లనూ సీటుకు లేని విలువ కడుతున్నం. ముందల సీటు ఒక సరుకు. జానెడు జాగ, ఒక డబ్బా తిండి, పది నిమిషాలు ముందు దిగుడు. దానికి రేటుంటది. రేటు కుదిరితే కొనాలె, లేకుంటే లేదు. మర్యాద మాత్రం ఆ డబ్బాల రాదు. అది వెనక 30వ వరుసల కూసున్నోనికి కూడా హక్కుగ రావాలె. రాకపోతే అడగాలె. మర్యాద కోసం 13 వేలు ఎక్కువ కట్టుడు మొదలుపెడితే, కట్టలేని మన పిల్లలకు మర్యాద లేదని మనమే ఒప్పుకున్నట్టు అయితది.

ముంబైల ఇంటర్వ్యూ అయినంక ఇంటికి నందిగ్రామ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కిన. ముంబై నుంచి నాందేడ్, కిన్వట్ మీదుగా ఆదిలాబాద్ వచ్చే బండి అది. స్లీపర్ బెర్త్ ఐదు వందల లోపే. నవ్వొచ్చే ముచ్చట ఏందంటే, 18 వేల సీటు నన్ను పండుకోనియ్యలేదు, ఐదు వందల బెర్త్ కాళ్ళు సాపుకొని పండుకోనిచ్చింది. ఆ బండిల కూడా పక్కన పత్తి మాటలే. కిన్వట్ దిక్కు రైతులిద్దరు రాత్రి పది దాక ధర గురించి కొట్లాడుకున్నరు. సేఠ్ తోటి మాట్లాడిన దానికన్నా అక్కడ నేర్చుకున్నదే ఎక్కువ.

ఇంటికి పోయినంక అమ్మ అడిగింది, "తిండి పెట్టిన్రా?" అని. నాయన అడిగిండు, "కిటికీ కాడ సీటేనా?" అని. ఔనన్న. "రాత్రి కదా, ఏం కనపడతది?" అన్నడు. ముంబై దిగేటప్పుడు దీపాలు కనపడ్డయని చెప్పిన. రేటు ఎంతని ఆయన అడగలే. నేనే చెప్పిన, పత్తి లెక్కల. కాసేపు ఏమనలేదు. తర్వాత, "వాళ్ళు కట్టిన్రు కదా, మంచిదే. నువ్వు కట్టేటట్టుంటే మాత్రం ముందు పైపులు కొనాలె" అన్నడు. మా చేనుకు బోరు నుంచి నీళ్ళ పైపులు అప్పటికి రెండేండ్ల సంది వాయిదా పడుతున్నయి. దీనికి మించిన ఆర్థిక శాస్త్రం నా దగ్గర లేదు.

ఇగ పనికొచ్చే మాటలు కొన్ని, టికెట్ తీసేటోళ్ళ కోసం.

ఒకటి. చవక విమానం టికెట్ల మొదలు కనపడే రేటు చూసి ఆగొద్దు. సీటు, సంచి, తిండి, తారీఖు మార్చుకునే ఖర్చు అన్నీ కలిపి కాగితం మీద రాయండ్రి. తర్వాత ముందల సీటు రేటు పక్కన పెట్టి చూడండ్రి. రెండింతల లోపు ఉంటే ఆలోచించొచ్చు. మించితే వెనకనే మంచిది.

రెండు. ఎవరన్న పిలిచి టికెట్ పైసలు ఇస్తమంటే, ఏ క్లాస్ వరకు ఇస్తరో ముందే రాతపూర్వకంగ అడగండ్రి. చానా కాడ ఎకానమీ వరకే ఇస్తరు. బిల్లు, బోర్డింగ్ పాస్ పారెయ్యొద్దు, ఫోటో తీసి పెట్టుకోండ్రి. అవి లేకుంటే పైసలు రావుడు కష్టం.

మూడు. ఎస్టీ విద్యార్థులకు కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఏడాదికి 20 మందికే. అందులో 3 ఆదిమ గిరిజన సమూహాల వాళ్ళకు, అంటే మన కొలాం, తోటి, చెంచు పిల్లలకు కూడా అవకాశం ఉంది. దాన్ల విమానం ఖర్చు ఎకానమీ క్లాస్‌కే. అది చిన్నతనం కాదు. 20 మందిల ఒకరైనోళ్ళు ఎక్కడ కూసున్నా ఒకటే.

నాలుగు. బయటి దేశం పోయేటోళ్ళు పెద్ద సంచులు రెండు మోస్తరు. అట్లాంటప్పుడు చవక కంపెనీల సంచికి కట్టే పైసలు కలిపితే, తిండి, సంచి అన్నీ కలిపిన మామూలు కంపెనీ టికెటే అగ్గువ పడొచ్చు. స్టూడెంట్ ఫేర్ అని కూడా కొన్ని కంపెనీలల్ల ఉంటది, సంచి బరువు హద్దు పెంచుతరు. కాలేజీ ఐడీ దగ్గర పెట్టుకోండ్రి.

ఐదు. 'బిజినెస్' అనే పేరు చూసి మోసపోవద్దు. పేరు ఒకటే, సరుకు వేరు. ఎయిర్ ఏషియా ఎక్స్ పెద్ద విమానాలల్ల ముందల సీటు మంచం లెక్క వాలుతది. స్కూట్ కంపెనీ పెద్ద విమానాలల్ల ముందల వెడల్పు కుర్చీలే, మంచం కాదు. యూరప్ లోపల చిన్న దూరాలకైతే చానా కంపెనీలు అదే మామూలు సీటు ఇచ్చి, నడుమ సీటు ఖాళీగ ఉంచి బిజినెస్ అంటరు. ఎన్ని అంగుళాలు, ఎంత వాలుతది, ఇవి చూసి కొనాలె.

ఆరు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దోళ్ళను, ఆపరేషన్ అయినోళ్ళను తీసుకపోయేటప్పుడు ఆ జానెడు జాగకు నిజమైన విలువ ఉంటది. అప్పుడు రెండింతల లెక్క పక్కన పెట్టండ్రి.

ఆ ఏడు జనవరి చివర నాగోబా జాతరకు నేను టైముకు చేరిన. కేస్లాపూర్ల మెస్రం వంశం వాళ్ళు ఎప్పటిలెక్కనే గోదావరి దాక కాలినడకన పోయి గంగాజలం తెచ్చిన్రు. వాళ్ళల్ల డిగ్రీలు చదివినోళ్ళు, ఉద్యోగాలు చేసేటోళ్ళు కూడా ఉన్నరు. బండి ఎక్కే స్తోమత లేక కాదు నడిచింది. ఎక్కడ నడవాలె, ఎక్కడ ఎక్కాలె, దేనికి ఎంత ఖర్చు పెట్టాలె అనేది మన పెద్దోళ్ళకు ఎప్పటి నుంచో తెలుసు. మనం కొత్త బండ్ల కాడ అదే తెలివి వాడితే చాలు.

మనకు ఆదిలాబాద్ నుంచి నాగ్‌పూర్ ఎయిర్‌పోర్ట్ దాదాపు 200 కిలోమీటర్లు, హైదరాబాద్ 300. టికెట్ ఎంత అగ్గువైనా ఈ బస్సు ఖర్చు, రాత్రి ఉండే ఖర్చు కూడా కలపాలె. వచ్చే నెల పోయేటోళ్ళు నలుగురు ఉన్నరని తెలుసు. పైసలు కట్టక ముందు టికెట్ వివరాలు నాకు పంపండ్రి. ఆదివారం కూసొని ఒక్కొక్కరిది లెక్క చేద్దాం.

జై ఆదివాసీ.